బ్రేకుప్యాడీయం: సటీకా తాత్పర్యం

మూలం:

బ్రేకు ప్యాడు కొరకు పేటలో తిరుగగా
మూడు కొట్లు చెప్పె మూడు ధరలు;
పాత ప్యాడు చూచి బావ నవ్వుచు ననె:
ఆగకున్న ఖర్చు నడుగబోకు.

అవతారిక: షోలాపూర్ తూర్పు భాగంలో, సాంచాల (మరమగ్గాల) చప్పుడు మధ్య పుట్టిన పద్యం ఇది. దుప్పట్లూ టవళ్లూ నేసే పద్మశాలి ఇంట కారు బ్రేకు తొక్కితే కీచుమంటోంది. వారం తిరిగేసరికి సిరిసిల్లలో పెళ్లి. ఆ సందర్భంలో గృహస్థు చెప్పుకున్న ఆటవెలది. కవి తన పేరు చెప్పుకోలేదు గానీ బిల్లు మాత్రం భద్రంగా దాచుకున్నాడు. ఈ వ్యాఖ్యకు అదే ఆధారం.

ప్రతిపదార్థం: బ్రేకు ప్యాడు కొరకు = ముందు చక్రాల డిస్కును చెరో పక్కన నొక్కిపట్టే జోడు కొరకు; పేటలో = సాఖర్ పేట, భవానీ పేట మొదలైన వాటిలో; తిరుగగా = కారును ఇంటి ముందు నిలిపి, స్కూటరు మీద తిరుగగా; మూడు కొట్లు = స్పేరు పార్టుల దుకాణాలు మూడూ; మూడు ధరలు = ఒకదానితో ఒకటి పొసగని వెలలను; చెప్పె = తడుముకోకుండా చెప్పెను; పాత ప్యాడు చూచి = అరిగినదాన్ని గోటితో గీకి చూచి; బావ = అక్క మగడు; నవ్వుచున్ = నవ్వుతూ; అనె = ఇట్లనెను; ఆగకున్న ఖర్చున్ = బండి ఆగకపోతే అయ్యే ఖర్చును; అడుగబోకు = అడగవద్దు.

తాత్పర్యం: ధర ఎంతైనా సరే, ప్యాడ్లు మార్చు.

విశేషాలు: తాత్పర్యం ఒక్క ముక్కలో తేలిపోయింది. చిక్కంతా "మూడు ధరలు" దగ్గరే ఉంది. కారు కంపెనీలు ప్యాడ్లను సాధారణంగా సొంతంగా చేసుకోవు. రాణే, బ్రేక్స్ ఇండియా వంటి మద్రాసు సంస్థలు వీటి తయారీలో పాతకాపులు. తయారీదారు సరుకు కారు కంపెనీ పెట్టెలో కూర్చుంటే ఒక ధర, తన సొంత పెట్టెలో ఉంటే అంతకన్నా తక్కువ ధర. చిన్న కారు ముందు చక్రాల సెట్టుకు మొదటి పెట్టె సుమారు రెండు వేలు పలికితే, రెండోది అందులో ముప్పాతికకు దొరుకుతుంది. మూడో కొట్టువాడు సగానికి సగం చెబుతాడు. ఆ పెట్టె మీద కంపెనీ పేరులో ఒక అక్షరం తేడాగా ఉంటుంది. వ్యాఖ్యాతకు రెండో ధరే సమ్మతం.

ఇందులో కాలభేదం కూడా ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి కారు విడిభాగాల జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. ఆ తేదీకి ముందటి ధర చెప్పే కొట్టువాడిది పాత ప్రతి, దాన్ని ప్రమాణంగా తీసుకోకూడదు.

"నాల్గు కొట్లు" అని పాఠాంతరం. అది కుదరదు. "మూడు ధరల"తో యతి చెడుతుంది, పెట్రోలూ దండగ.

ఈ పద్యం నేతగాడి ఇంట పుట్టడం కాకతాళీయం అనుకునేవారికి కొంచెం చరిత్ర చెప్పాలి. 1888లో బెర్తా బెంజ్ భర్త చేసిన కారును మన్‌హైమ్ నుంచి ఫోర్త్స్‌హైమ్ దాకా నడుపుకుంటూ పోయింది. దారిలో చెక్క బ్రేకులు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి చేత వాటికి తోలు కొట్టించింది. తర్వాత ఇంగ్లండులో హెర్బర్ట్ ఫ్రూడ్ 1897లో బ్రేకు సామగ్రి వ్యాపారం మొదలుపెట్టాడు. ఫెరోడో కంపెనీ ఆయనదే. ఆ తొలిరోజుల బ్రేకు లైనింగు నూలుతో నేసిన పట్టీ. తర్వాత ఆస్బెస్టాసు దారంతో నేశారు, ఆ పైన జిగురుతో పోతపోయడం వచ్చింది. అంటే పడుగూ పేకా ఉన్న గుడ్డే ఒకప్పుడు బండిని ఆపింది. మగ్గానికైనా ఆపడమే ప్రాణం: నాడె పెట్టెలోకి చేరకపోతే సాంచా ఠప్పున నిలవాలి, లేదంటే పడుగు పోగులు తెగుతాయి. ఆ సంగతి ఎరిగిన ఇంట్లో బ్రేకు దగ్గర బేరమా!

"నవ్వుచు" అన్నచోట రెండు సంప్రదాయాలున్నాయి. ఆగకున్న ఖర్చు అంటే ఆస్పత్రి ఖర్చని ఒక వర్గం. తుల్జాపూర్ ఘాటు దిగేటప్పుడు గేరు తగ్గించకుండా బ్రేకు మీదే కాలు ఉంచేవారిని చూస్తే ఆ అర్థమూ స్ఫురిస్తుంది. కానీ అక్క మగడు ఆ మాట నవ్వుతూ అనడు. కాబట్టి ఇక్కడ డిస్కు ఖర్చే వివక్షితం. కొత్త ప్యాడు మందం సుమారు పది మిల్లీమీటర్లు. మూడుకు దిగితే మార్చాలి. కొన్నింటికి ఒక రేకు నాలుక ఉండి, అరుగుదల అక్కడికి రాగానే డిస్కుకు తగిలి కీచుమంటుంది. ఆ కేక వినకుండా రేడియో పెంచుకుంటే, వెనకనున్న ఇనుప పలక డిస్కుకు గాట్లు పెడుతుంది. ప్యాడ్లతో పోయేది డిస్కులతో కలిపి రెండింతలకు పైన పడుతుంది. బావ నవ్వింది అందుకే, గోటికి ఇనుము తగిలింది.

ఇక ప్రక్షిప్తాలు. గృహస్థు దాచిన బిల్లులో ప్యాడ్ల సెట్టు 1,550, కూలీ 500, డిస్కు టర్నింగు 600, బ్రేకు క్లీనింగు 300, ఇతరములు 150, వెరసి 3,100 అని ఉంది. మొదటి రెండూ మూలమే. టర్నింగు ఈ బండి విషయంలో సమంజసం, గాట్లు పడ్డాయి గనక. నున్నగా ఉన్న డిస్కుకూ టర్నింగు రాసే మేస్త్రీలున్నారు, జాగ్రత్త. క్లీనింగు కూలీలో చేరవలసింది, పునరుక్తి దోషం. "ఇతరములు" శుద్ధ ప్రక్షిప్తం.

మెదక్ సీమ కొల్చారం వాడైన మల్లినాథ సూరి కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిదేదీ రాయననీ, అక్కరలేనిదేదీ చెప్పననీ ప్రతిజ్ఞ చేశాడు. గ్యారేజీ బిల్లుకు అంతకు మించిన లక్షణం లేదు. ఆ లెక్కన ఈ బిల్లులో 450 రూపాయలు కొట్టివేయదగినవి, 2,650 చెల్లించదగినవి.

పాఠకులకు మనవి: పని కాగానే పాత ప్యాడ్లూ, కొత్తవి వచ్చిన పెట్టే అడిగి చేతికి తీసుకోండి. ఆ తర్వాతే డబ్బు ఇవ్వండి.