అశ్వత్థామకు బెయిలు

పూర్వం దేవుడి మనసులో ఏముందో తెలియాలంటే ఒంటికాలి మీద తపస్సు చేయాల్సి వచ్చేది. ఇప్పుడా కష్టం లేదు. సినిమా ఒకసారి చూస్తే దేవుడి ఉద్దేశం తెలుస్తుంది. రెండోసారి చూస్తే ఆ ఉద్దేశం వెనకున్న అసలు ఉద్దేశం బయటపడుతుంది. మూడో ఆటకు టికెట్ కొన్నవాడికైతే దేవుడికే తెలియని సంగతులు కూడా తెలిసిపోతాయి.

2024 జూన్ 27న 'కల్కి 2898 ఏడీ' విడుదలైంది. ఆనాటి నుంచి మా పాకాలలో కృష్ణపరమాత్మకు దాచుకోవడానికి ఒక్క రహస్యమూ మిగల్లేదు. జంక్షన్ ఊరు కాబట్టి మాకు బండ్ల కోసం కాచుకునే పని ఎక్కువ. కాచుకునే చోట టీ కొట్టు ఉంటుంది, టీ కొట్టు ఉన్నచోట థియరీ ఉంటుంది. తిరుపతి బండి లేటైతే అశ్వత్థామ, కాట్పాడి బండి లేటైతే కర్ణుడు, ధర్మవరం బండి లేటైతే ఏకంగా కలియుగాంతం. ఏది ఎక్కడ మొదలైనా తేలేది మాత్రం ఒక్క చోటే: "ఊరికే జరగలేదన్నా, అంతా కృష్ణుడి ప్లానే!"

సినిమాలో నాగ్ అశ్విన్ చెప్పిన సంగతి చిన్నది. యుద్ధం ముగిశాక ఉత్తర కడుపులోని బిడ్డ మీద అస్త్రం వేసిన అశ్వత్థామను కృష్ణుడు శపిస్తాడు. కలియుగం చివర మరో తల్లి కడుపులో నేను పడతాను, అప్పుడు ఆ గర్భాన్ని కాచి నీ పాపం కడుక్కో అంటాడు. కథకుడిగా చక్కటి ఊహ. తప్పు పట్టడానికేమీ లేదు. వ్యాసుడి భారతంలో శశిరేఖ పెళ్ళి గోల ఎక్కడా లేదు. అయినా 1957లో 'మాయాబజార్' చూసి అది భారతమే అనుకున్న జాతి మనది. కథను మార్చుకునే హక్కు కథకుడికి ఎప్పుడూ ఉంది. పైగా ఆ మాయాబజార్ కృష్ణుడు పన్నాగాలన్నీ ప్రేక్షకుడికి చెప్పే పన్నాడు. నా గొడవ సినిమాతో కాదు, సినిమా అయిపోయాక మొదలయ్యే రెండో సినిమాతో.

ఆ రెండో సినిమా ఇలా నడుస్తుంది. అది శాపం కాదు, పోస్టింగు. కల్కికి కాపలా మనిషి కావాలి, కాపలాకు చావులేనివాడు కావాలి, కాబట్టి అశ్వత్థామ తప్పు చేయాలి. తప్పు చేయాలంటే కోపం రావాలి, అందుకే ద్రోణుణ్ణి అబద్ధంతో చంపించాడు. ద్రోణుడు యుద్ధానికి రావాలంటే హస్తినలో కొలువు చేయాలి. కొలువు చేయాలంటే ఇంట్లో దరిద్రం ఉండాలి. పాలు లేక చిన్నారి అశ్వత్థామ పిండినీళ్ళు తాగి పాలనుకుని గంతులేసిన కథ ఆదిపర్వంలో ఉంది కదా, అది కూడా ప్లానేనట. ఆ కాలానికి రేపల్లెలో పాలు, వెన్న ఎవరి పొట్టలోకి పోతున్నాయో ఆలోచించమని కళ్ళెగరేస్తారు. ఇంకొంచెం సేపు బండి రాకపోతే ఆవుల్ని కూడా నిందితుల జాబితాలో చేర్చేవాళ్ళే.

కర్ణుడి ఫైలు వేరే. హీరో భైరవే కర్ణుడని సినిమా చివర తేలింది కనుక, కర్ణుణ్ణి అప్పట్లో తప్పుడు పక్కన నిలబెట్టింది కూడా ఇప్పుడు సరైన పక్కకు తేవడానికేనట. మరి చివర్లో అర్జునుడి గాండీవం విలన్ యాస్కిన్ చేతికెలా వచ్చిందని అడిగితే, "అదీ ప్లానే" అంటారు. మహాప్రస్థానానికి బయల్దేరినప్పుడు అగ్నిదేవుడు అడ్డం నిలబడి అడిగితే అర్జునుడు ఆ వింటిని నీళ్ళలో వేసి వరుణుడికి అప్పజెప్పేశాడు. కాబట్టి ఈ విషయంలో సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది వరుణుడి స్టోరు వాళ్ళు. కానీ టీ కొట్టు కోర్టులో వరుణుడికి నోటీసు రాదు. ముద్దాయి ఒక్కడే, ఆయన పింఛం పెట్టుకుని ఉంటాడు.

అదే ఏడాది జనవరిలో వచ్చిన 'హనుమాన్' ఇంకో అడుగు ముందుకేసింది. రాముడికి హనుమంతుడు ఇచ్చిన మాట ఏమిటన్న ప్రశ్న వేసి తెర దించింది. జవాబు రెండో భాగంలో చెబుతామన్నారు. మనవాళ్ళు అంతదాకా ఆగుతారా? లంక నుంచి చిరంజీవిత్వం దాకా రాముడు చేసిన ప్రతి పనికీ ఒక సీక్వెల్ కారణం దొరికింది. త్రేతాయుగంలో రాముడికి ఉన్న ఒకే ఒక్క చింత 21వ శతాబ్దపు నిర్మాత డేట్లు అని మనం గ్రహించకపోవడం మన లోపమే.

సరే, థియరీ అన్నాక లెక్క ఉండాలి కదా, చూద్దాం. సంస్కృత భారతం సౌప్తిక పర్వంలో కృష్ణుడు అశ్వత్థామకు వేసిన శిక్ష 3,000 ఏళ్ళు. ఒంటినిండా పుండ్లతో, పలకరించే దిక్కు లేకుండా తిరగమన్నాడు. కలియుగాంతం దాకా అన్నది జనం నోట్లో నానిన మాట. కలియుగం క్రీ.పూ. 3102లో మొదలైందన్నది మన పంచాంగాల లెక్క. సినిమా వాళ్ళ 6,000 ఏళ్ళ లెక్కకూ అదే ఆధారం. ఆ లెక్కన అశ్వత్థామ శిక్ష క్రీస్తు పుట్టకముందే తీరిపోయింది. తీరిపోయిన శిక్షకు ఇంకో 3,000 ఏళ్ళు అదనంగా తిరిగాడంటే ఆయన మీద జాలి పడాలి, జైలు సూపరింటెండెంటు మీద కేసు పెట్టాలి. ఈ మాట అంటే ఒక కుర్రాడు తడుముకోకుండా, "అవి దేవతల సంవత్సరాలు సార్" అన్నాడు. మంచిదే. దేవతల సంవత్సరం ఒకటంటే మనకు 360. మూడు వేలను 360తో గుణిస్తే 10,80,000. కలియుగం మొత్తం 4,32,000 ఏళ్ళే. అంటే కల్కి వచ్చి, పని ముగించుకుని, కొత్త కృతయుగంలో మూడో వంతు గడిచాక కూడా మన కాపలా మనిషి శిక్షలోనే ఉంటాడు.

కల్కి సంగతికొస్తే ఇంకా చిత్రం. 2898 నాటికి కలియుగంలో గడిచేది 6,000 ఏళ్ళు. మిగిలేది 4,26,000. గుడిలో అర్చన చేయించుకునే ప్రతివాడి తరఫునా పూజారి "కలియుగే ప్రథమపాదే" అని సంకల్పం చెబుతూనే ఉన్నాడు. మొదటి పాదంలోనే ఉన్నామని రోజూ చెవిలో వేస్తున్నా మనం గోత్రం, పేరు చెప్పే తొందరలో వినం. సినిమాకు ఈ లెక్క అక్కర్లేదు, అది కల్పన. కానీ ప్రతి ఫ్రేములో దేవుడి గూఢచర్యం వెతికే పరిశోధకుడికి గుడి మెట్ల మీద దొరికే లెక్క కూడా అక్కర్లేకపోతే ఎలా?

ఈ జబ్బు మన ఒక్కరిదే అనుకోకండి. గ్రీకు దేవుళ్ళను అమెరికాలో దింపిన రిక్ రియోర్డన్ 'పెర్సీ జాక్సన్' 2005లో మొదలైంది. మంత్రగత్తె సర్సీ చేతే ఆమె కథ చెప్పించిన మడెలిన్ మిల్లర్ నవల 2018లో వచ్చింది. అక్కడి అభిమానులకూ ఇదే పని: జియస్ ఎందుకు ఊరుకున్నాడు, అథీనా లోపల ఏమనుకుంది, పోసైడన్ కోపం నిజమా నటనా. ఆ దేవుళ్ళ పుణ్యాన వాళ్ళకు పని కొంచెం సులువు. జియస్ ఉద్దేశాలు కనిపెట్టడానికి పరిశోధన అక్కర్లేదు, ఆయన భార్యను అడిగితే చాలు.

అసలు తమాషా ఏమిటంటే, ఈ పరిశోధకులు తవ్వి తీసే గొప్ప రహస్యం పుస్తకం మొదట్లోనే అచ్చయి ఉంటుంది. "యుద్ధం దేవుళ్ళే కావాలని పెట్టించారు, తెలుసా?" అని గుసగుసగా చెబుతారు. తెలియకేం? భారం మోయలేక భూదేవి బ్రహ్మ దగ్గర మొరపెట్టుకోవడం, దేవతలు అంశలతో పుట్టడం ఆదిపర్వంలోనే ఉంది. గ్రీకుల 'సిప్రియా' కావ్యం ఇప్పుడు ముక్కలుగానే మిగిలింది. ఆ ముక్కల్లో కూడా ఇదే మాట: మనుషుల బరువుతో కుంగిన భూమిని తేలిక చేయడానికి జియస్ ట్రాయ్ యుద్ధం సంకల్పించాడు. ఇద్దరు దేవుళ్ళూ ప్లాన్ బహిరంగంగానే ప్రకటించారు. దాన్ని లీకు అని అమ్ముకోవడం మన తెలివి.

కృష్ణుణ్ణి నిలదీయడం కూడా కొత్త సంగతి కాదు. రాయబారానికి వెళ్ళినప్పుడు విదురుడు ఎందుకొచ్చావయ్యా అన్నాడు. ఆపగలిగి కూడా ఆపలేదని రేపు ఎవరూ అనకూడదు, అందుకే మనస్ఫూర్తిగా ప్రయత్నిస్తాను అని కృష్ణుడు చెప్పాడు. యుద్ధం అయ్యాక గాంధారి, చేతనయీ ఎందుకు ఊరుకున్నావని ముఖం మీదే అడిగి శపించింది. ఆయన చిరునవ్వుతో ఒప్పుకున్నాడు. ముప్పై ఆరేళ్ళకు యాదవులు తన్నుకుని చచ్చారు. యుద్ధం ముగిసి ద్వారకకు తిరిగివెళ్ళే దారిలో ఉదంకుడనే ముని శపిస్తానని లేస్తే, నేను చెప్పి చూశాను, వాళ్ళు వినలేదు అని జవాబిచ్చాడు. అడిగినవాళ్ళందరికీ ఎదురుగా నిలబడి సమాధానం చెప్పిన దేవుడాయన. ఆయనకు గూఢచారి వేషం కట్టింది మనం.

మా చిత్తూరు సీమలో భారతం పుస్తకం కంటే ముందు వీధిలోకి వస్తుంది. ధర్మరాజుల గుడి ముందు పద్దెనిమిది రోజులు, పగలు హరికథ, రాత్రి నాటకం. బకాసురుడి బండి వీధులు తిరుగుతుంది. అర్జునుడు తపస్సు మాను ఎక్కి పద్యాలు పాడుతూ నిమ్మకాయలు, విభూతి విసురుతుంటే, బిడ్డల్లేని ఆడవాళ్ళు తడిబట్టలతో కింద వరపడతారు. చివర దుర్యోధన వధ. మట్టితో చేసిన దుర్యోధనుడు బయల్లో వెల్లకిలా పడుకుని ఉంటాడు, మీసమే మనిషంత పొడుగు. వేషగాడు ఆ బొమ్మ చుట్టూ తిరిగి, ఛాతీ మీదికెక్కి సవాళ్ళు విసురుతుంటాడు, గదతో భీముడు వెంటపడుతుంటాడు. తొడ మీద దెబ్బ పడగానే లోపల దాచిన ఎర్రరంగు పైకి చిమ్ముతుంది. ద్రౌపది జుట్టు ముడి పడుతుంది. సాయంత్రం అగ్నిగుండం.

ఏళ్ళ తరబడి దుర్యోధనుడి వేషం కట్టిన పెద్దాయన ఒకరు మా టీ కొట్టుకు వస్తుంటారు. థియరీ కుర్రాడు ఆయన్నీ వదల్లేదు. "పెదనాయనా, నువ్వు చచ్చేది కూడా కృష్ణుడి ప్లానే గదా?" అన్నాడు. పెద్దాయన గ్లాసు కింద పెట్టి, "అట్టనా నాయనా? ఆ ప్లానేందో ముందే చెప్పుంటే నేను రేత్రంతా గొంతు చించుకునే పన్లేదు గదా. ఆడోళ్ళు నన్ను చూసి తిట్టేది ద్రౌపదిని సభకు ఈడ్పించినందుకబ్బా. కృష్ణుడు ఈడ్పించినాడంటే ఆయమ్మలు ఇంటికి పోతారా?" అన్నాడు. కుర్రాడు టీ డబ్బులిచ్చే పనిలో పడ్డాడు.

అసలు సంగతి ఆ పెద్దాయన చెప్పిందే. అంతా ప్లానే అయితే తప్పు ఎవరిదీ కాదు. అశ్వత్థామ అర్ధరాత్రి శిబిరంలో చొరబడి, నిద్రలో ఉన్న ద్రౌపది కొడుకులు అయిదుగుర్ని చంపాడు. అది చాలక పుట్టని బిడ్డ మీద అస్త్రం వేశాడు. థియరీ అన్న ఒక్క కాగితంతో ఆయనకు బెయిలొచ్చింది, ఆ కాగితం మీదే ఉద్యోగమూ వచ్చింది. దుర్యోధనుడికి బెయిలు, కర్ణుడికి బెయిలు, జూదం ఆడిన ధర్మరాజుకు బెయిలు. బోనులో మిగిలింది కృష్ణుడొక్కడే. ఆయనా మేధావి అన్న బిరుదుతో బయటికొస్తాడు. ఇక చచ్చినవాళ్ళ సంగతి అడిగే దిక్కుండదు. హోమర్ 'ఒడిస్సీ' మొదట్లోనే జియస్ ఇదే మాట అని విసుక్కుంటాడు: మనుషులు తమ అవివేకంతో తెచ్చుకున్న కష్టాలను కూడా మా నెత్తిన రుద్దుతారని. వద్దురా అని హెర్మెస్‌ను పంపి ముందే హెచ్చరించినా ఏజిస్థస్ అనేవాడు వినలేదని సాక్ష్యం కూడా చూపిస్తాడు.

ఇది సినిమా హాలు దగ్గర ఆగిపోతే నేనీ కాగితం ఖరాబు చేసేవాణ్ణి కాదు. మా పాకాల కొండల్లో పుట్టిన స్వర్ణముఖి 2021 నవంబరులో ఒళ్ళు విరుచుకుని తిరుపతి, శ్రీకాళహస్తి దిక్కున ఊళ్ళను ముంచింది. నదిలో ఇసుక ఎత్తుకుపోయిన ట్రాక్టర్లు, చెరువు జాగాల్లో లేచిన ఇళ్ళు అందరికీ తెలుసు. అయినా ఎక్కడ విన్నా "వానదేవుడు పగబట్టినాడబ్బా" అన్న మాటే. వానదేవుడి ఉద్దేశం మీద ఎన్ని థియరీలైనా చెబుతాం. ట్రాక్టరు వాడి ఉద్దేశం మీద మాత్రం ఒక్క థియరీ ఉండదు. వాడి ప్లాను మనకు ముందే తెలుసు కాబట్టి కాబోలు.

కనుక థియరీ మిత్రులకు ఒక మనవి. కాణిపాకం ఇక్కడికి దగ్గరే. ఆ వినాయకుడి ముందు అబద్ధపు ప్రమాణం చేస్తే దక్కదని మన నమ్మకం. కృష్ణుడు అలా అనుకున్నాడని ఆయన ముందు ప్రమాణం చేయగలిగితే చెప్పండి, మేమూ నమ్ముతాం. చేయలేకపోతే సినిమాను సినిమాగా చూడండి, బాగుంటే ఈల వేయండి, రెండో భాగానికి డబ్బు దాచుకోండి. దేవుళ్ళ మనసులో ఏముందో వాళ్ళు చూసుకుంటారు. ఆ రాత్రి శిబిరంలో కత్తి పట్టింది మాత్రం అశ్వత్థామే.