కరెంటు పోయిన వేళ

మా యేకాంబరకుప్పములో మరమగ్గములు రేయింబవళ్ళు ఆడుచుండును గనుక, చప్పుడులో నిద్రపట్టుటయు, నిశ్శబ్దమునకు ఉలికిపడి లేచుటయు మాకు పుట్టుకతో వచ్చిన విద్యలు. అట్లు కరెంటు పోయి మెలకువ వచ్చిన మొన్నటి వేకువజామున వాకిటికి వచ్చి చూతును గదా, రెండేండ్ల ఒప్పందముపై కువైత్‌ వెళ్ళిన మా వీథి చిన్నవాడు, ఏడు నెలలకే, పోవునాడు పుత్తూరులో కొన్న సంచితోనే, ఎదుటి అరుగుపై కూర్చుండి యుండెను. కువైత్‌నుండి వచ్చువాని వెంట పులిబొమ్మ దుప్పటియు, త్రాళ్ళతో బిగించి పేరు వ్రాసిన అట్టపెట్టెయు రావలెనని లోకమర్యాద. ఆ రెండును లేకపోవుటయే వాని కథ.

"బాబా కారు తాళం ఇచ్చేయమన్నాడు, ఇచ్చేస్తిని. టికెట్టుకు నా జీతమే పట్టుకున్నాడు, వచ్చేస్తిని. అంతే సామీ" అనెను. బాబా యనగా అక్కడి యింటి యజమాని. తప్పేమని అడుగలేదా యంటిని. "అడిగేంత అరబ్బీ నాకు రాదు సామీ."

అక్కడ న్యాయమే లేదనుట అన్యాయము. కువైత్‌ వారి 2010 నాటి కార్మిక శాసనమును బట్టి, గడువులేని ఒప్పందముపై నున్న నెలజీతగానిని తొలగింపదలచినచో మూడు నెలల ముందు నోటీసో, ఆ మూడు నెలల జీతమో ఈయవలెను. కాని యది కంపెనీలలో పనిచేయువారికి. మా వాడో ఇంటి డ్రైవరు, ఖాదిం (ఇంటిపని) వీసావాడు. అట్టివారికై 2015లో వేరొక శాసనము చేసి, సేవ ముగియునప్పుడు ఏడాదికొక నెల జీతము దయచేసినారు. ఏడు నెలలవానికి ఎంత వచ్చునో త్రైరాశికము వేసికొనవచ్చును. ఫిర్యాదు నడుపుకొనుటకు సాధారణముగ అక్కడ నుండవలెను. అకామా (నివాసానుమతి) రద్దయినవాడు అక్కడ నుండగూడదు. ఇంత పకడ్బందీ యైన తర్కమును మన నైయాయికులు సైతము నిర్మింపజాలకపోయిరి.

ఇక మన సర్కారు వారి ప్రవాసీ భారతీయ బీమా యోజన యొకటి కలదు. రెండేండ్లకు 275 రూపాయలు కట్టి వెళ్ళినవాడు ప్రమాదమున మరణించెనా, కుటుంబమునకు 10 లక్షలు. తన తప్పిదమేమియు లేకయే గడువునకు ముందు ఉద్యోగమూడి, ఖర్మము చాలక సజీవుడై తిరిగివచ్చెనా, ఒకవైపు విమానపు ఛార్జి. అదియు ఎకానమీ తరగతిది. అదియు మన రాయబార కార్యాలయమువారు, ఔను, వీడు నిర్దోషియే యని ధ్రువపరచినప్పుడు. వ్యాజ్యమునకు 45 వేల వరకు సాయమును కలదు. దానికిని రాయబార కార్యాలయపు ధ్రువపత్రమే తాళపుచెవి. మా వాడు తాళపుచెవి ఈయనేర్చినవాడే గాని అడుగనేర్చినవాడు కాడు.

ఫిలిప్పీన్స్ వారు 1995లోనే, అక్రమముగ తొలగింపబడినవానికి ఒప్పందములో మిగిలిన కాలపు జీతమును, కట్టిన రుసుమును నూటికి 12 వడ్డీతో ఇప్పింపవలెనని శాసించి, విదేశపు యజమానితోపాటు స్వదేశపు ఏజెంటును కూడ బాధ్యుని చేసిరి. అందు మిగిలిన ఏడాదికి మూడు నెలల జీతమే చాలునను మెలికను 2009లో వారి సుప్రీంకోర్టు కొట్టివేయగా, 2010లో శాసనసభ మరల అతికించెను. 2014లో కోర్టు మరల ఊడబెరికెను. ఎంత ఈయవలెనని వారు కొట్టుకొనుచుండుట చూచి నాకు కన్ను కుట్టినది. మనమింకను ఎవరీయవలెనను మొదటి మెట్టుకడనే చతికిలబడియున్నాము.

ఏలయన, మన శాసనమున ఏజెంటు 30 వేలును, ఆపై జీఎస్టీయును మించి పుచ్చుకొనరాదు. మా వానివద్ద లక్షకు పైగా పుచ్చుకొన్నవాడు, రసీదు ఈయకపోవుటయే గాక, ఏజెంటే కాడు, ఏజెంటునకు ఏజెంటు. అట్టి ప్రాణికి శాసనమున చోటులేదు, అనుమతి లేక మనుషులను పంపుట నేరమే; కాని రసీదు లేని ప్రాణిని పట్టుట యెట్లు? వాని గదిలో ఇప్పుడు జెరాక్సు మిషను ఆడుచున్నదట.

ఇదంతయు విడమరచి చెప్పితిని. చిన్నవాడు శ్రద్ధగా విని, వ్రేళ్ళమీద ఏదో లెక్కించుకొని అడిగెను: "సామీ, ఆ బీమా రెండేండ్లకు గదా కట్టింది, ఇంకా పదిహేడు నెలలు ఉండాది. నేను ఈడ చస్తే ఇస్తారా?"

ఇంతలో కరెంటు వచ్చెను. వీథి పొడవునా మగ్గములు ఒక్కసారిగ నందుకొనెను. నేను చెప్పినదేదో వానికి వినబడలేదు.