అప్‌డేట్ ప్రాప్తిరస్తు

మా మేళ్లచెరువులో ఆగకుండా వచ్చేవి రెండున్నాయి. ఒకటి, స్వయంభూ శంభులింగేశ్వరస్వామి లింగం పైనున్న గుంటలో ఊరే నీళ్లు. ఎంత తోడినా మళ్లీ నిండుతాయి. రెండోది, మా యూనివర్సిటీ ఆన్‌లైన్ పోర్టల్‌కు వచ్చే అప్‌డేట్లు. మొదటివి వస్తే తల మీద చల్లుకుంటాం. రెండోవి వస్తే తల పట్టుకుంటాం.

యూనివర్సిటీ పేరు చెప్పను. నాకింకా సర్వీసుంది. పక్క పట్నంలో డిగ్రీ పిల్లలకు కామర్స్ చెబుతాను. ఆదివారాలు దూరవిద్య వాళ్లకు క్లాసులు. మాది సున్నపురాయి నేల కాబట్టి చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలే. నా ఆదివారం శిష్యుల్లో చాలామంది వాటిలో షిఫ్టులు చేసేవాళ్లు. రాత్రంతా బస్తాల మధ్య ఉండి, పొద్దున టిఫిన్ చేసి, డెబిట్టూ క్రెడిట్టూ నేర్చుకోవడానికి వస్తారు. వాళ్ల ఓపికకు దండం పెట్టాలి. మా పోర్టల్ మాత్రం పరీక్ష పెడుతుంది.

అప్‌డేట్ వచ్చే ముందు ఒక నోటీసు వస్తుంది. 'గౌరవనీయ అధ్యాపకులకు, ప్రియమైన విద్యార్థులకు! మీ అభ్యసన అనుభవాన్ని మరింత సుసంపన్నం చేసే దిశగా మన వేదిక నూతన హంగులతో మీ ముందుకు రానున్నదని తెలియజేయుటకు సంతోషిస్తున్నాము' అని మొదలవుతుంది. మా స్టాఫ్‌రూమ్‌లో తెలుగు సారు అది చదివి, "ముహూర్తం ఎప్పుడన్నడు, భోజనాలు ఎక్కడన్నడు?" అని అడిగారు. ముహూర్తం ఉంది: శివరాత్రి, రాత్రి 11 గంటల నుంచి.

శివరాత్రి అంటే మా ఊళ్లో మామూలు సంగతి కాదు. జాతర. ఎక్కడెక్కడి నుంచో ఎడ్ల పందేలకు గిత్తలను తోలుకొస్తారు. ఊరి జనానికి ఎన్నో రెట్లు బయటి జనం. అందరి చేతిలో ఫోను, అందరికీ కలిపి అవే రెండు మూడు టవర్లు. ఆ రాత్రి నెట్టు దొరకడం కన్నా దర్శనం దొరకడం సులువు. సరిగ్గా అదే రాత్రి పాత పోర్టల్ మూసి కొత్తది తెరిచారు. పైగా 'అందరూ వెంటనే లాగిన్ అయి వివరాలు సరిచూసుకోగలరు' అన్నారు. అలా ఆ ఏడు మా దూరవిద్య విద్యార్థులకు డబల్ జాగారం. ఒక కన్ను గుడి గోపురం మీద, ఒక కన్ను తెర మీద గిరగిరా తిరిగే సున్నా మీద. పుణ్యం దేనికి వచ్చిందో ఆ శివుడికే తెలియాలి.

తెల్లారి చూస్తే పోర్టల్ అందంగానే ఉంది. నీలం రంగు పోయి ఊదా రంగు వచ్చింది. నవ్వుతూ ల్యాప్‌టాప్ పట్టుకున్న ఒక అమ్మాయి బొమ్మ వచ్చింది. 'అసైన్‌మెంట్ సమర్పించండి' అనే బటన్ ఒక్కటి కనిపించడం లేదు. మూడు గీతలు నొక్కి, 'నా ప్రయాణం'లోకి వెళ్లి, 'మైలురాళ్లు' అని ఉన్నదాన్ని తెరిస్తే అందులో ఓ మూలన ఉందట. ఎవరికి తడుతుంది? కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే.

దూరాన ఉన్నవాడికి చదువు చేరవేయడంలో మనవాళ్లు నిన్న మొన్న కళ్లు తెరిచినవాళ్లు కాదు. 1975 ఆగస్టులో ఇస్రో అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదికి అరువు తెచ్చుకుని దేశంలో 2400 ఊళ్లకు టీవీ పాఠాలు చూపించింది. సైట్ అని పిలిచిన ఆ ప్రయోగంలో మన మహబూబ్‌నగర్ జిల్లా ఊళ్లూ ఉన్నాయి. కోళ్ల గూటికి కొట్టే జాలీతో చేసిన పెద్ద గొడుగు యాంటెన్నా, ఊరందరికీ ఒక టీవీ, రోజుకు నాలుగు గంటల ప్రసారం. దానికి వచ్చిన అప్‌డేట్ ఒక్కటే: 1976 జులైతో గడువు తీరి ఉపగ్రహం వెళ్లిపోయింది. ఎవరికీ కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోమని చెప్పకుండా మర్యాదగా పోయింది.

ఆ తర్వాత 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మన దగ్గర పుట్టింది. మొదటి వైస్ ఛాన్సలర్ జి. రాంరెడ్డి గారు. 1985లో ఢిల్లీలో ఇగ్నో పెట్టినప్పుడు దానికీ ఆయన్నే మొదటి వీసీగా పిలుచుకున్నారు. మన విశ్వవిద్యాలయానికి 1991లో అంబేడ్కర్ పేరు పెట్టారు. ఆ రోజుల్లో పాఠం అంటే పుస్తకం, రేడియో, ఆదివారం క్లాసు. పుస్తకానికి చార్జింగ్ అక్కర్లేదు. 46వ పేజీలో ఉన్న పాఠం తెల్లారేసరికి 112వ పేజీకి పోయేది కాదు. ఇల్లు మారితే పోస్టుమాన్ వెతుక్కుంటూ వచ్చేవాడు గానీ 'యూజర్ కనుగొనబడలేదు' అని వెనక్కి తిరిగేవాడు కాదు.

నేను పాతకాలం మనిషినని తీర్మానించకండి. అప్‌డేట్ ఎందుకో నాకు తెలుసు. ప్రపంచమంతా కాలేజీల్లో వాడే మూడుల్ అనే వేదిక ఉంది. దాన్ని చేసిన మార్టిన్ డౌగియామాస్ ఆస్ట్రేలియా ఎడారిలో పెరిగినవాడు. బడి అందుబాటులో లేక షార్ట్‌వేవ్ రేడియోలో పాఠాలు విన్నవాడు. దూరం బాధ తెలిసిన మనిషి కాబట్టే 2002లో తొలి వెర్షన్‌ను అందరికీ ఉచితంగా వదిలాడు. దానికీ ఏడాదికి రెండు పెద్ద వెర్షన్లు వస్తాయి. 2022 ఏప్రిల్‌లో వచ్చిన 4.0తో అందులోనూ మెనూలు చోట్లు మారాయి. దొంగలు దూరే సందులు ఎప్పటికప్పుడు పూడ్చాలి. పాత వెర్షన్‌కు కొన్నాళ్ల తర్వాత మరమ్మతులు ఆగిపోతాయి. పూడ్చకపోతే పిల్లల మార్కులూ, ఫోన్ నంబర్లూ బజారున పడతాయి. అంతవరకు ఒప్పుకుంటాను. గోడకు చిల్లు పడితే పూడ్చమన్నాం గానీ, ఆ వంకతో వంటిల్లు మేడ మీదికి మార్చమన్నామా?

మాకు కొత్తగా వచ్చిన హంగుల్లో మొదటిది ముఖం చూసి హాజరు వేసుకోవడం. మా విద్యార్థి ఒకతను ప్యాకింగ్ ప్లాంటులో రాత్రి షిఫ్టు దిగి నేరుగా క్లాసుకొచ్చాడు. జుట్టు, కనుబొమలు, మీసం, అన్నీ తెలుపు. ఫోను ముఖానికి పెట్టుకుంటే 'ముఖం సరిపోలలేదు' అంది. మళ్లీ పెట్టాడు. 'వెలుతురులోకి రండి' అంది. ఎండలోకి పోయాడు. 'కళ్లు ఆర్పండి' అంది. ఆర్పాడు. రెప్పల మీది సిమెంటు కళ్లల్లో పడి నీళ్లు కారాయి. ఆ నీళ్లతోనే ముఖం తుడుచుకున్నాక 'హాజరు నమోదైంది, శుభదినం' అంది. "ఇంత ఏడిపించి శుభదినం అంటది ఏంది సార్!" అన్నాడతను. వేలిముద్ర పెట్టే పద్ధతి అడుగుదామా అన్నాను. అతను అరచేయి చాపాడు. బస్తాలు మోసీ మోసీ వేళ్ల మీది గీతలన్నీ అరిగిపోయి నున్నగా ఉన్నాయి. "రేషన్ షాపులో కూడా రెండు మూడు సార్లు పెట్టాలె సార్" అన్నాడు. చదువుకుని ఆ బస్తాల నుంచి బయటపడదామని వచ్చినవాణ్ణి, ఆ బస్తాల వల్లనే గుర్తుపట్టలేకపోయింది మన యంత్రం.

రెండో హంగు, కాపీ పట్టే సాఫ్ట్‌వేర్. ఇక దొంగలందరూ దొరుకుతారని మేం చంకలు గుద్దుకున్నాం. మా పిల్లలు అసైన్‌మెంట్ కాగితం మీద రాసి, ఫోనుతో ఫొటో తీసి ఎక్కిస్తారు. ఆ సాఫ్ట్‌వేర్‌కు తెలుగు చేతిరాత చదవడం రాదు. చదవలేనిది దేనితోనూ పోలదు కదా. ఒకే గైడు చూసి, అందులోని అచ్చుతప్పులతో సహా దింపిన క్లాసు క్లాసంతటికీ 'పోలిక సున్నా శాతం, పూర్తిగా స్వతంత్ర రచన' అని సర్టిఫికెట్ ఇచ్చింది. ఒక్క అమ్మాయి కష్టపడి సొంతంగా తెలుగులో టైప్ చేసి పెట్టింది. మధ్యలో కంపెనీల చట్టం నిర్వచనం ఉన్నదున్నట్టు రాయకతప్పదు. పట్టుబడింది ఆ పిల్ల ఒక్కతే.

మూడోది ఆన్‌లైన్ క్విజ్. ప్రశ్నలను ఎవరో పాత డీటీపీ ఫాంటులో టైప్ చేసి పోర్టల్‌లో అతికించారు. తెర మీద తెలుగు లేదు. చుక్కలు, కొమ్ములు, డాలరు గుర్తులు, తలకిందులైన ప్రశ్నార్థకాలు. నాలుగు ఆప్షన్లూ అదే భాష. నేను ఫిర్యాదు రాసేలోపే క్లాసులో సగం మంది రాసేశారు. "అర్థం కాకుండా ఎట్ల రాసిన్రయ్యా?" అని అడిగితే, "అర్థమైన పరీక్ష ఎప్పుడు రాసినం సార్? అన్నిటికీ సీ పెట్టినం" అన్నారు. చాలామంది పాసయ్యారు.

ఫిర్యాదు చేస్తే హెల్ప్‌డెస్క్ వాళ్లు టికెట్ నంబరు పంపుతారు. మర్నాడు 'మీ టికెట్ విజయవంతంగా మూసివేయబడినది' అని మరో సందేశం. సమస్య తెరిచే ఉంటుంది. "టికెట్టయితే కొట్టిన్రు సార్, బస్సే రాలె" అన్నాడు ఒక శిష్యుడు.

మరి ఇన్నింటి నడుమ చదువు ఎలా నడుస్తోందంటారా? సెంటరులో ఉన్న నెట్ షాపు పిలగాడి వల్ల. అతను ఇంటర్‌తో ఆపేశాడు. అతని దగ్గర ఓ లాంగ్ నోట్‌బుక్ ఉంది. చుట్టుపక్కల ఊళ్ల విద్యార్థులందరి హాల్‌టికెట్ నంబర్లు, పాస్‌వర్డ్‌లు అందులోనే. మూడు నెలలకోసారి పాస్‌వర్డ్ మార్చాలనే కొత్త నిబంధన రాగానే అందరికీ చివరి అంకె ఒకటి పెంచి పుస్తకంలో దిద్దేశాడు. ఆ నోట్‌బుక్ సంగతి తెలిస్తే సైబర్ భద్రత నిపుణులు గుండె పట్టుకుంటారు. కానీ షిఫ్టు దిగి, ఫోనులో డేటా అయిపోయి వచ్చినవాడికి అతనే రిజిస్ట్రార్, అతనే హెల్ప్‌డెస్క్. "అన్నా, బటన్ ఏడబెట్టిన్రే?" అంటే "నువ్వు ఫొటో పంపు, నేను చూస్త" అంటాడు. టికెట్ నంబరు ఇవ్వడు. పని చేసి 30 రూపాయలు తీసుకుంటాడు.

ఆన్‌లైన్ చదువును తీసిపారేయడానికి లేదు. డిగ్రీ సీటుకు కాలేజీ కాలేజీ తిరిగే బాధను 2016లో వచ్చిన దోస్త్ అనే ఆన్‌లైన్ ప్రవేశాల పద్ధతి తప్పించింది. 2017 జులైలో మొదలైన స్వయం పోర్టల్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు మా ఊరి పిల్లలూ వింటున్నారు. 2021 నాటి యూజీసీ నిబంధన ప్రకారం, యూనివర్సిటీ ఒప్పుకుంటే ఒక సెమిస్టర్‌లోని కోర్సుల్లో 40 శాతం దాకా అక్కడే పూర్తి చేసుకోవచ్చు. అంటే ఇక మీదట పోర్టల్ అనేది కాలేజీకి కిటికీ కాదు, సింహద్వారం. ద్వారాన్ని రాత్రికి రాత్రి ఇంటి వెనక్కి మార్చేవాడిని వాస్తు సిద్ధాంతి కూడా క్షమించడు.

కాబట్టి అప్‌డేట్లు చేసే మహానుభావులకు నా విన్నపాలు నాలుగే. పరీక్షలయ్యాక చేయండి, పరీక్షల ముందు వద్దు. నోటీసు మామూలు తెలుగులో, ఏ బటన్ ఎక్కడికి పోయిందో చెప్పేలా రాయండి, సంతోషం మేం తర్వాత పడతాం. పాత బటన్ ఉన్నచోట కొన్నాళ్లు 'ఇక్కడి నుంచి అక్కడికి మారింది' అని ఒక బోర్డు పెట్టండి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఊదా రంగు ఖాయం చేసే ముందు ఆ పోర్టల్‌ను మీ ఆఫీసులో కాకుండా రాత్రి షిఫ్టు దిగిన ఒక కూలీ చేతిలో, తెర పగిలిన చవక ఫోనులో, ఒక ఆదివారం పొద్దున తెరిపించి చూడండి. అతనికి అసైన్‌మెంట్ పెట్టే బటన్ దొరికితే అది అప్‌డేట్. దొరక్కపోతే, మీరు మార్చింది రంగే.