పెన్నుకు తెలియని మందు

పెన్నలో నీళ్లు లేకపోతేనేం, అనంతపురంలో ప్రతి జేబులోనూ ఒక పెన్నుంది. గ్లాసులో ముంచితే టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన ఉప్పుల అంకె చెబుతుంది. అంకె 50 అయితే అమృతం, 900 అయితే విషం. నీటి శాస్త్రం ఇంత సులువని తెలియక మనవాళ్లు ల్యాబులు కట్టుకున్నారు.

పెన్నుతో సరిపెడితే ఊరుకునేవాణ్ణి. మొన్న మా ఇంటికొచ్చిన నీళ్ల క్యాన్ల కుర్రాడు సంచిలోంచి రెండు ఇనుప కడ్డీల యంత్రం తీశాడు. ఒక గ్లాసులో మా కుళాయి నీళ్లు, ఇంకోదాంట్లో తన క్యాను నీళ్లు. కడ్డీలు ముంచి మీట నొక్కాడు. కాసేపటికి మావి ఎర్రమడ్డి, తనవి అద్దం. "ఇన్నేళ్లూ మీరు తాగిందిదే సార్" అన్నాడు. మా జేజి గుండె మీద చెయ్యేసుకుంది.

ఆ మడ్డి మా నీళ్లది కాదు, అతని కడ్డీది. ఉప్పులున్న నీళ్లలో కరెంటు పారుతుంది, ఇనుము కరిగి తుప్పవుతుంది. అతని క్యానులోని ఆర్‌ఓ నీళ్లలో ఉప్పు దాదాపు తీసేశారు గనక కరెంటుకు దారి లేదు. "నీ గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి నొక్కప్పా" అన్నాను. వేశాడు. అవీ ఎర్రబడ్డాయి. కుర్రాడు ఒక్క క్షణం ఆలోచించి, "మీ ఉప్పు కల్తీది సార్" అన్నాడు. ఆ సమయస్ఫూర్తికి జేజి రెండు క్యాన్లు చెప్పేసింది.



ఇక్కడ ఉప్పు, ఫ్లోరైడ్ బాధ అబద్ధమని నేననడం లేదు. 1995లో సత్యసాయి నీటి పథకం ఊరికే రాలేదు. కానీ చీనీ తోటల్లో, వేరుశనగ చేలల్లో, టమోటా మళ్లలో మనం కొట్టే పురుగుమందు ఎక్కడికి పోతోంది? ఆకాశానికా? తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు లీటరుకు 1 మైక్రోగ్రాము దాటకూడదు. అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు 200 నింపి, అన్నిటికీ కలిపి ఒక్క గ్రాము. దాన్ని పట్టాలంటే ముదురు రంగు గాజు సీసాలో నీళ్లు పట్టి, చల్లగా ల్యాబుకు చేర్చాలి. లీటరు నీటిని చిన్న గొట్టంలోని పొడి గుండా పంపి, దానికంటుకున్న మందును ద్రావకంతో కడిగి, నైట్రోజన్ ఊది ఒక్క మిల్లీలీటరుకు దించాలి. అలా వెయ్యి రెట్లు చిక్కబడ్డాక ల్యాబు యంత్రం దాని పేరు చెబుతుంది. ఇంత చాకిరీని పది సెకన్ల పెన్ను చేసేసిందని నమ్మించడం వ్యాపారం కాదు, మోసం.

ఊళ్లకిచ్చిన జల్ జీవన్ మిషన్ నీటి పరీక్ష కిట్టు ఫ్లోరైడ్, నైట్రేట్ చూస్తుంది. పురుగుమందు జోలికి పోదు. 2003లో ఢిల్లీలోని సీఎస్ఈ అనే పర్యావరణ సంస్థ సీసా నీళ్లలో, కూల్‌డ్రింకుల్లో పురుగుమందులు చూపించినప్పుడు దేశమంతా గగ్గోలెత్తింది. ఇప్పుడు సీసా నీళ్లలో ఏ పురుగుమందైనా లీటరుకు 0.1 మైక్రోగ్రాము దాటకూడదు. అదే మోనోక్రోటోఫాస్ కుళాయిలో పది రెట్లుండొచ్చు! కొనుక్కు తాగేవాడి కడుపు, కుళాయి కింద బిందె పెట్టేవాడి కడుపు వేరువేరా? చేనుగట్టున బోరు నీళ్లు తాగే కూలీ సంగతి ఎవడికీ పట్టలేదు.

ఈసారి పెన్నబ్బాయి మీ గడప తొక్కితే, అతని క్యాను నీళ్లలోనే నాలుగు చెంచాల చక్కెర కలిపి చూడమనండి. అంకె పెద్దగా కదిలితే నన్నడగండి. చక్కెరే కనబడని పెన్నుకు మందెలా కనబడుతుందో చెప్పమనండి. తర్వాత ఆ గ్లాసు అతనికే ఇవ్వండి, ఎండన పడి వచ్చుంటాడు పాపం.