బహుళ ప్రయోజనం... ఎవరికి?

మా ఊరి హైస్కూల్లో బహుళ ప్రయోజన హాలు ప్రారంభమైంది. పదింటికన్న ఎమ్మెల్యేగారు ఒంటిగంటకు వేంచేశారు. అప్పటిదాకా పిల్లలు ఎండలో రెండు వరసలు కట్టి, పళ్లేల్లో బంతిపూల రేకులు పట్టుకుని నిలబడ్డారు. రేకులు ముందు వాడాయి, పిల్లలు తర్వాత. లోపల కుర్చీలు నాయకులకూ అనుచరులకూ సరిపోవడంతో పిల్లలు కిటికీ ఊచల్లోంచి చూశారు. వాళ్ల హాలే కదా, ఎటునుంచి చూస్తేనేం!

శిలాఫలకం మీద పదిహేడు పేర్లు. హెడ్మాస్టరుగారిది అట్టడుగున, పూలకుండీ చాటున.

2009 నాటి విద్యాహక్కు చట్టం బడికి ఏమేం ఉండాలో పట్టికే ఇచ్చింది: టీచరుకో తరగతి గది, ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేర్వేరు మరుగుదొడ్లు, తాగునీరు, ఆటస్థలం, ప్రహరీ. అందులో హాలు లేదు. అందుకే కాబోలు, ముందు అదే కట్టారు. అదీ ఆటస్థలంలో!

పేరు మాత్రం సార్థకమే. మొదటి వారంలోనే ఒక పెళ్లి విందు, ఒక పార్టీ సమావేశం జరిగాయి. తాళంచెవి సర్పంచిగారింట్లో ఉంది. పిల్లల ప్రార్థన ఇప్పటికీ వేపచెట్టు కిందే.