కొనబోతే అడవి

“అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి” యను మన పెద్దల సామెతను సమూలముగ తలక్రిందులు చేసి చూపిన ఘనత తూర్పు జర్మనీ ప్రభుత్వమునకు దక్కినది. ఈ సంగతి మా సాయంకాల గోష్ఠికి విచ్చేయు నొక పెద్దమనిషికి తెలియకపోలేదు, తెలిసియు మరచినాడు. సామ్యవాద వ్యవస్థకును స్వేచ్ఛావిపణికిని గల తారతమ్యమును ఆయన యొక్క రొట్టెతో తేల్చివేయును: “ఏమండీ, బెర్లినులో చిన్నరొట్టె 5 ఫెన్నిగులండీ! 1989లో గోడ కూలువరకును ఆ ధర కదలలేదు. మీ బజారుదొరలు చూపగలరా?”

చూపలేరు. అయితే ఆ రొట్టె నెవరు తినిరని కూడ విచారింపవలెను గదా! దాణాకంటె రొట్టెయే చవుకగుటచే, పెరటిలో కుందేళ్లను, పందులను పెంచుకొను గృహస్థులు వానికి రొట్టెలే మేపిరి. అటుపైన, ప్రజలయందలి వాత్సల్యముచే ప్రభుత్వము వారియొద్ద నెక్కువ ధరకు కొని, అదే వాత్సల్యముచే వారికే తక్కువ ధరకు విక్రయించుచుండుటవలన, రొట్టెలతో బలిసిన కుందేటిని అంగడి వెనుకవాకిట నొప్పగించి రొక్కము గైకొన్నవాడు, ముందువాకిటికి నడచివచ్చి అట్టి కుందేటినే చర్మమొలిచి శుభ్రపరచినదానిని కొనుక్కొని, ఇంకను కొంత సొమ్ము జేబులో మిగుల్చుకొని యింటికి బోవుట సాధ్యమయ్యెను. పండ్లకు, కూరగాయలకు నిదే మర్యాద. ఆ నష్టము భరించిన బొక్కసము తనదే యని యెరుగక, తన పెట్టె తానే కొల్లగొట్టుకొని లాభము వచ్చినదని సంతసించిన యా గృహస్థుని అమాయకత్వము మా పెద్దమనిషికి చక్కగ అబ్బినది.

ఇక ట్రబాంటు కారు. ప్రత్తి వ్యర్థములను రెసినుతో అదిమి చేసిన యొడలు, పొగ గ్రక్కు రెండు స్ట్రోకుల యంత్రము. దీనికై పేరు నమోదు చేయించుకొని పదేండ్లకు పైబడి వేచియుండవలెను. పాతబియ్యము కొత్తబియ్యముకంటె ప్రియమగుట మనమెరిగినదే కాని, పాతకారు కొత్తకారుకంటె ప్రియమగుట యచ్చట నిత్యానుభవము. “ఇప్పుడే దొరకును” అనునదొక్కటే దాని సుగుణము. (మన దేశమునను పర్మిట్ల కాలమున స్కూటరు గతి యిట్టిదే, కనుక మనము కొంచెము నోరు మూసికొని నవ్వుట మంచిది.)

కాఫీ కథ మరియు రుచికరము. ప్రపంచమున కాఫీగింజల ధర మండిపోగా, విదేశీద్రవ్యము చాలక, 1977లో చవుకరకపు పొడిని తొలగించి, నూటికి 51 పాళ్లు మాత్రమే కాఫీయున్న మిశ్రమమును ప్రవేశపెట్టిరి. తక్కినది ధాన్యము, బఠానీ వగైరా. చికోరీ యొక పాలు హెచ్చయిననే ముఖము చిట్లించు మనవారు ఆ బఠానీ కాఫీని త్రాగియుండిన నేమందురో గాని, అచ్చట కాఫీయంత్రములే మూసికొనిపోయినవి. జనులు మాత్రము, పశ్చిమమున పేరొందిన యొక కాఫీ నామము ననుకరించి, అధినేత ఎరిక్ హొనెకర్ పేరిట దానికి “ఎరిక్ పట్టాభిషేకము” అని బిరుదమిచ్చిరి.

ఇంతలో గోష్ఠియందలి రెండవ పెద్దమనిషి తొడ చరచును. 1990 జూలై 1న పశ్చిమపు మార్కు తూర్పున చెలామణిలోనికి రాగానే అంగళ్లు రాత్రికి రాత్రి నిండినవని ఆయన పరవశము. నిండినవి. ఆ నిండిన యంగడి కెదుట, కర్మాగారము మూతబడి, పని పోగొట్టుకొని, అద్దమునకు ముక్కానించి నిలిచినవాడు ఆయన లెక్కలో గిరాకిగా గాని, మనిషిగా గాని నమోదు కాలేదు. ఏండ్ల తరబడి నిరీక్షించిన ట్రబాంటు తీరా సులభమగునప్పటికి కొనువారు లేక, 1991 ఏప్రిలులో దాని తయారీయే నిలిచినది.

ఇరువురును జుట్టుజుట్టు పట్టుకొనకుండ నేనొక సాక్షిని పిలువజూచితిని. 5 ఫెన్నిగుల రొట్టెను కడుపార తిన్నదియు, వెనుకవాకిట ఘనమైన వెల పలికినదియు నగు ఆ కుందేలుకంటె నిష్పక్షపాతి యెవ్వరు? కాని యది యప్పటికే ముందువాకిట అమ్ముడుపోయినది.