దిగులు జన్యువుకు ఒక శాలువా

చేయని పనికి పేరు కొట్టేసినవాళ్లు మనకు కొత్త కాదు. చేయని పనితోనే దేశదేశాల్లో జనానికి డాక్టరేట్లు, ప్రమోషన్లు, విమానం టికెట్లు ఇప్పించినవాళ్లు మాత్రం అరుదు. అలాంటి జన్యువు ఒకటుంది. ఇంతవరకు దానికి ఒక్క శాలువా కప్పిన పాపాన ఎవరూ పోలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ సభ.

సన్మాన గ్రహీత పేరు ఎస్ఎల్‌సి6ఎ4. కాపురం పదిహేడో క్రోమోజోమ్‌లో. నరాల కణాలు వదిలిన సెరటోనిన్‌ను మళ్లీ వెనక్కి లాక్కునే ప్రొటీన్ దీని చలవే. దిగులుకు వాడే ప్రొజాక్ లాంటి మందులు పనిచేసేదీ ఆ ప్రొటీన్ మీదే. మనిషికి సుమారు 20 వేల జన్యువులుండగా పండితుల చూపు దీనిమీదే ఎందుకు పడిందంటే, అప్పటికి వాళ్లకు తెలిసిన పేరు ఇదే కనుక. ఈ జన్యువు ముందరి భాగంలో ఒక ముక్క కొందరికి పొట్టిగా, కొందరికి పొడుగ్గా ఉంటుంది. పొట్టిముక్క వాళ్లకు ఆందోళన ఎక్కువని 1996లో ఒక మాట పుట్టింది. పాపం, జన్యువు తన పని తాను చేసుకుంటూనే ఉంది. దానికి ఈ సంగతేమీ తెలియదు.

అసలు పట్టాభిషేకం 2003లో జరిగింది. న్యూజీలండ్‌లోని డునెడిన్‌లో పసితనం నుంచి గమనిస్తూ వచ్చిన 847 మంది వివరాలతో ‘సైన్స్’ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. కష్టాలొక్కటే చాలవు, పొట్టిముక్క ఒక్కటే చాలదు, రెండూ కలిస్తేనే మనిషి కుంగిపోతాడన్నది దాని సారాంశం. విధినీ కాదనలేదు, పురుషకారాన్నీ కాదనలేదు. పద్యంలా కుదిరింది. పద్యంలా కుదిరినదాన్ని తూకం వేయాలని ఎవరికి బుద్ధి పుడుతుంది?

ఇక వ్యాసాలు వరద కట్టాయి. అందరిలో దొరక్కపోతే ఆడవాళ్లలో వెతికారు. అక్కడా దొరక్కపోతే పదహారేళ్ల అమ్మాయిల్లో, అదీ కాకపోతే చిన్నప్పుడు దెబ్బలు తిన్నవాళ్లలో. స్వీడన్‌లో ఒక పరిశోధనకు వింత ఫలితం వచ్చింది. అదే పొట్టిముక్క అమ్మాయిల్ని కుంగదీసిందట, అబ్బాయిల్ని మాత్రం కాపాడిందట! దీన్ని వైరుధ్యం అనకూడదు, ‘సూక్ష్మత’ అనాలి. ఇరవై రకాలుగా లెక్క తిప్పితే ఒక రకంలో ఏదో ఒకటి తగలడం అదృష్టం పని, జన్యువు పని కాదు. తగిలింది పత్రికకెక్కుతుంది. తగలనిది సొరుగులో పడుకుంటుంది.

2009లో కొందరు గిట్టనివాళ్లు 14 అధ్యయనాలు, 14,250 మంది వివరాలు ఒకచోట పోగేసి కూడారు. ముక్కకూ దిగులుకూ సంబంధం తేలలేదు. ఒక్క సంగతి మాత్రం గట్టిగా నిలబడింది: కష్టాలు ఎక్కువైనవాళ్లకు దిగులు ఎక్కువ. మన అమ్మమ్మలు ఏ ప్రయోగశాలా లేకుండా, గడప మీద కూర్చుని, పక్కింటావిడ గొంతు విని చెప్పిన సంగతి.

జన్యుభక్తులు ఊరుకోలేదు. 2011లో 54 అధ్యయనాలు పోగేసి, ‘ఉంది, గట్టిగా ఉంది’ అన్నారు. తాము పట్టిన కుందేటికి మూడే కాళ్లు కదా! చివరికి 2019లో అమెరికాలోని కొలరాడో వాళ్లు, దిగులు పేరుతో బాగా ప్రసిద్ధికెక్కిన 18 జన్యువుల్ని వరసగా నిలబెట్టారు. ఈసారి చూసింది 847 మందిని కాదు, లెక్కను బట్టి 62,138 నుంచి 4,43,264 మంది దాకా. గుడ్డిగా చెయ్యిపెట్టి తీసిన జన్యువులకంటే ఈ 18 మంది ప్రసిద్ధులూ ఒక్క పిసరు ఎక్కువ కాదని తేలింది. డాక్టరేటు వెనక్కిచ్చిన మహానుభావుడి పేరు నేనైతే వినలేదు.

అలాగని మానసిక జబ్బుల్లో రక్తసంబంధం కట్టుకథ కాదు. 2022లో 76,755 మంది స్కిజోఫ్రీనియా రోగుల్ని, 2,43,649 మంది ఇతరుల్ని పోల్చి చూస్తే జన్యుపటంలో 287 చోట్ల తేడాలు దొరికాయి. ఇది నిజమైన పని. కాకపోతే విడివిడిగా చూస్తే ఆ తేడాల్లో చాలావాటి ప్రభావం రవ్వంత. పైగా ఇలాంటి లెక్కలకు రక్తమిచ్చినవాళ్లలో అత్యధికులు యూరప్ మూలాలవాళ్లు. ఆ లెక్కలు మన దగ్గర అంత బాగా పారవు. అయినా సరే, జన్యుపరీక్ష పేరుతో లాలాజలం డబ్బా అమ్మే దుకాణదారుడికి ఇవేవీ అడ్డు కావు. మీరు ఉమ్మి పంపండి, మీ పిల్లవాడి స్వభావం రంగుల కాగితం మీద అచ్చువేసి పంపుతాడు.

మనవాళ్లకు ఈ శాస్త్రం కొత్తగా నేర్పక్కర్లేదు కూడా. అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూడాలనే పెళ్లిపెద్దలు ఏనాడో ఫలితం ప్రకటించేశారు. అన్నకు మతి చలించిందని తెలిస్తే చెల్లెలి సంబంధం చెడుతుంది. డాక్టరిచ్చిన మాత్రల్ని గ్యాస్ మాత్రలని చెప్పి మింగే కోడళ్లు అందుకే ఉన్నారు. తోబుట్టువుకు స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లలోనూ నూటికి సుమారు తొంభైమందికి అది రాదన్న మాట ఆ పెళ్లిపెద్దల చెవిన వేసేవాళ్లేరీ? పొట్టిముక్క కబురైతే అన్ని పత్రికలూ మోశాయి.

అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థను 2002 నుంచి 2015 దాకా నడిపిన థామస్ ఇన్సెల్, దిగిపోయాక 2017లో ఒక నిజం ఒప్పుకున్నాడు. జన్యువులు, మెదడు పరిశోధనల మీద సుమారు 2,000 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి, మంచి వ్యాసాలు వచ్చాయి, ఆత్మహత్యలు తగ్గలేదు, రోగులు కోలుకోవడం మెరుగుపడలేదు అని. కుర్చీలో ఉండగా అని ఉంటే ఆయనకే ఈ శాలువా కప్పేవాళ్లం.

మన దేశంలో లక్షమందికి ఒక మానసిక వైద్యుడు కూడా లేడు. కాబట్టి ఉమ్మి డబ్బాకు కట్టే డబ్బు దాచుకోండి, అది డాక్టరు ఫీజుకు పనికొస్తుంది. డాక్టరు దొరికేలోగా ప్రభుత్వంవారి టెలీ మానస్‌కు ఫోన్ చేయండి. నంబరు 14416. రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు, పైసా తీసుకోరు.